నేను వినని మాట

మా చాల్‌లో, అంటే ఈ వరస గదుల మేడలో, కింది అంతస్తులో ఉండే ఒక పిల్ల ఈ మధ్య రెండుసార్లు పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. రెండోసారి నేను దిగి వెళ్లేసరికి మొహం నిండా పసుపు పూసి ఉంది, నోట్లో వేపాకు కుక్కి ఉంది, చుట్టూ ఆడవాళ్లు చేతులు జోడించి నిలబడ్డారు. తల్లి నన్ను చూసి ఎదురొచ్చింది.

"అక్కా, నీకు గుడ అమ్మ వస్తుండె గద. ఎట్లుంటదే? ఏమన్న కనిపిస్తదా?"

భయపడుతూ అడగలేదు, ఆశగా అడిగింది. ఆ ఆశ సంగతి బాగా తెలిసినదాన్ని నేను. పిల్లను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఆకు తీసి పారేసి, ఎవరి మొహమూ చూడకుండా మెట్లెక్కి వచ్చేశాను.

గుమ్మంలో నిలబడి చెప్పే ముచ్చట కాదిది. అందుకని కూర్చుని రాస్తున్నాను. నా జబ్బు ఇప్పుడు అదుపులో ఉంది. మా అత్త పోయింది కనుక, చదివి నొచ్చుకునే మనిషి కూడా ఇంట్లో లేదు. మునిసిపాలిటీ తెలుగు బడిలో ఏడు దాకా చదివాను, ఆ తర్వాత చేతిలోకి వచ్చినవన్నీ బీడీలు చుట్టే తునికాకులే. కుడిచేతి వేళ్లు సరిగ్గా చాచుకోవు, రాత వంకరగా ఉంటే సర్దుకోండి. దేవుడి మీద కోపంతో రాశానని మాత్రం అనుకోవద్దు. కోపం ఉంటే ఎంతో బాగుండేది. కోపం ఉండాలంటే ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలి కదా.

*ఎనభై రెండు, ఎండాకాలం*

మేముండేది బొంబాయి కామాటిపురలో, ఫాక్‌లాండ్ రోడ్ వైపు గల్లీలో. మూడో అంతస్తులో ఒక ఖోలీ, దాని ముందు పొడుగ్గా గ్యాలరీ, గ్యాలరీ చివర అందరికీ కలిపి ఒక నల్లా. ఆ ఒక్క గదిలోనే నలుగురం: నేను, నా మొగుడు నర్సింలు, అతని తల్లి బాలవ్వ, మా కొడుకు మల్లేశు. నర్సింలుది సెంట్రింగు పని. బాలవ్వ పెళ్లయిన కొత్తలో పాలమూరు నుంచి వచ్చి, మట్టి తట్టలు మోసి మోసి నడుం వంగిపోయిన మనిషి. నేను ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేదాన్ని. మల్లేశుకు నాలుగేళ్లు. తంబాకు చాటలో చెయ్యి పెట్టొద్దంటే సరిగ్గా అదే చేసి, తుమ్మి, మళ్లీ నవ్వేవాడు.

ఆ ఎండాకాలం వాడికి ఒళ్లంతా ఎర్రగా పొక్కింది. మావాళ్లు దాన్ని జబ్బు అనరు. అమ్మ వచ్చింది అంటారు. అమ్మ వచ్చిన ఇంట్లో పోపు పెట్టకూడదు, తల దువ్వకూడదు, బయటి మనుషుల్ని రానివ్వకూడదు. మందు అసలే వాడకూడదు. వాడితే ఇంటికొచ్చిన తల్లిని మెడపట్టి గెంటినట్టే. గుమ్మానికి వేపమండలు కట్టి, పిల్లవాణ్ణి వేపాకు మీద పడుకోబెట్టి, బాలవ్వ కూర్చున్న చోటి నుంచి లేవకుండా విసిరింది.

పక్క ఖోలీ శకుంతల ఒక దవాఖానలో ఆయా. వాళ్ల ముత్తాత కాలం నుంచీ బొంబాయే కాబట్టి ఆమె తెలుగులో సగం మరాఠీ. గుమ్మం బయటే నిలబడి చెప్పింది.

"బాలవ్వా, పోరనికి శ్వాస లాగుతుంది బగ్. దవాఖానకు తీస్కపోదాం, చల్."

"అమ్మ ఇంట్ల ఉండంగ సూది పొడిపిస్తరా? తప్పు తప్పు. తల్లి తానే వచ్చింది, తానే దిగుతది" అని బాలవ్వ చెంపలు వేసుకుంది.

మేమెవరమూ కాదనలేదు. నల్లా తిప్పితే నీళ్లొస్తాయన్నంత మామూలు సంగతి అది మాకు. పొక్కులు మాడిపోయాయి కానీ ఊపిరి బరువెక్కింది. ఒక మధ్యాహ్నం మల్లేశు బాలవ్వ ఒళ్లోనే పోయాడు. అమ్మ దిగేనాడు పెట్టాల్సిన నైవేద్యం కోసం ఆమె పొద్దున్నే పెరుగు తోడు వేసి పెట్టింది.

ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. అని ఉంటే నయమయ్యేది. బాలవ్వ నా మొహం చూడటం మానేసింది. ఏదైనా కావాలంటే గోడకు చెప్పేది. నర్సింలు ఆదివారం కూడా పని వెతుక్కుని వెళ్లిపోయేవాడు. నేను కంచం ముందు కూర్చుని, రెండు మెతుకులు కెలికి, లేచేదాన్ని. నా రవికలన్నీ వదులైపోయాయి. పిన్నీసులు పెట్టుకుని తిరిగాను.

*ఎనభై మూడు, వానలు మొదలైనప్పుడు*

పొద్దున నల్లా దగ్గర వరుసలో నిలబడి ఉన్నాను. నోట్లో ఇత్తడి గరిటె నాకినట్టు ఒక రుచి. కడుపులోంచి ఏదో పైకి లేచింది. ముందున్నామె జడలో రబ్బరు బ్యాండు ఎర్రగా కనబడింది. అంతవరకే నాకు తెలుసు.

కళ్లు తెరిచేసరికి ఖోలీలో ఉన్నాను. నాలుక తెగి నోరంతా ఉప్పగా ఉంది. ఒళ్లంతా ఎవరో బండకేసి ఉతికినట్టుంది. గుమ్మం నిండా జనం. వాళ్లు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ అలా చూడలేదు. నా కాళ్ల దగ్గర బాలవ్వ కూర్చుని ఏడుస్తోంది. మల్లేశు పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు.

"ఏమైందత్తా?"

"అమ్మ వచ్చింది బిడ్డా నీ మీదికి. పోచమ్మ తల్లి. మాట్లాడింది."

"ఏమన్నది?"

"'నీ కొడుకు నా ఒళ్లె ఆడుకుంటున్నడు, ఏడ్వకు' అన్నది. నీ నోట్లకెల్లే వచ్చింది. నేను నోటి కాడ చెవి పెట్టి ఇన్న."

చాలాకాలం తర్వాత ఆమె నా కళ్లలోకి చూసి మాట్లాడిన మాటలవి. ఆ పూట ఆమె అన్నం కలిపి ముద్దలు చేసి పెడితే కంచం ఖాళీ చేశాను. ఆ రోజు నమ్మానా అని అడిగితే, నమ్మాననే చెప్తాను. వాడు ఎక్కడో ఒకచోట ఉన్నాడు, ఒకరి ఒళ్లో ఉన్నాడు, తుమ్మితే ముక్కు తుడిచే చెయ్యి ఒకటి ఉంది. తల్లికి అంతకంటే ఏం కావాలి?

ఆ తర్వాత నాకు నెలలో ఒకటి రెండుసార్లు అలా వచ్చేది. మంగళవారాలే రావాలని లేదు. కానీ మంగళవారం వస్తే అందరికీ గుర్తుండేది, మిగతా రోజుల్లో వస్తే మర్చిపోయేవాళ్లు. అలా మంగళవారం అమ్మ రోజైంది. బాలవ్వ వేకువనే లేచి ఖోలీ అలికేది, సాంబ్రాణి వేసేది, నా కాళ్లకు పసుపు రాసేది. వంగిన నడుం కూడా కాస్త లేచిందని శకుంతల అనేది. గ్యాలరీలో వాళ్లు పక్కపేట నాగ్‌పాడా నుంచి కూడా మనుషుల్ని వెంటబెట్టుకొచ్చేవాళ్లు. ఒకామె మొగుడు తిరిగొస్తాడా, ఒకామె కూతురికి కడుపు పండుతుందా. నేను పడి లేచాక బాలవ్వ వాళ్లకు జవాబులు చెప్పి పంపేది.

బాలవ్వకు కావలసింది మనవడు తిరిగి రావడం కాదు. వాడు ఎందుకు పోయాడన్నదానికి ఒక కథ కావాలి, అందులో తన చేతికి మట్టి అంటకూడదు. ఆ కథ దొరికింది. ఆమె దాన్ని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ అందులో ఏదో ఒకటి పెరిగేది. అమ్మ ఒళ్లో మల్లేశు కాళ్లకు గజ్జెలున్నాయి. వాడికి ఇప్పుడు తంబాకు ఘాటు లేదు.

ఇంతమందికి వినిపించిన ఆ మాట వినపడనిది ఒక్క నాకే. నా నోటి నుంచి, నా కొడుకు గురించి వచ్చిన మాట! ఆ సమయానికి నేనే అక్కడ ఉండేదాన్ని కాదు. ఒళ్లు అప్పగించి నేను ఎటు పోయేదాన్నో నాకు తెలియదు. అక్కడ వెలుగు లేదు, చీకటి లేదు, మల్లేశు లేడు. లేచాక నాలుక మంట ఒక్కటే మిగిలేది. ఊరందరికీ పెళ్లి భోజనం వండిపెట్టి తను పస్తుండే వంటమనిషిలా ఉండేది నా బతుకు.

ఇక నర్సింలు. అంతకుముందు నన్ను "ఏమే" అని పిలిచే మనిషి, పిలవడమే మానేశాడు. ఒకసారి నేను పడి లేచాక నా పాదాలు తాకి కళ్లకద్దుకున్నాడు. నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను. ఆ రోజు నుంచి చాప తీసుకుని గ్యాలరీలో పడుకునేవాడు.

"లోపలికి రారాదు?" అని ఒక సాయంత్రం అడిగాను.

"అమ్మ ఉన్న ఒళ్లు. నేనెట్ల ముట్టుకుంట?" అన్నాడు తల ఎత్తకుండా.

నాకు ఇంకో బిడ్డ కావాలని ఉండేది. ఆ మాట దేవతను ఎవరడుగుతారు, దేవత ఎవరిని అడుగుతుంది?

*ఎనభై నాలుగు, ఆషాఢం*

ఆషాఢంలో బోనాలు మాకు ఇక్కడా ఉన్నాయి. కొత్త కుండల్లో అన్నం వండి, వేపమండలు పెట్టి, నెత్తిన ఎత్తుకుని గల్లీ గుడికి వెళ్తాం. ఆ ఏడు గల్లీ పెద్దలు రంగం కూడా చేద్దామన్నారు. రంగం అంటే, కాల్చని పచ్చికుండ బోర్లించి దాని మీద అమ్మ పూనిన మనిషిని నిలబెడతారు. కుండ పగలకుండా నిలబడి ఆమె వచ్చే ఏడాది సంగతులు చెప్తుంది. మా గల్లీకి సొంతంగా అమ్మ ఉండగా వేరే మనిషి ఎందుకన్నారు. ఆ అమ్మను నేనే.

నన్ను కుండ ఎక్కించారు. నేను తేలికైపోయిన మనిషిని కాబట్టి పచ్చి మన్ను నన్ను మోసింది. డప్పులు మొదలయ్యాయి. నాకు ఏమీ రాలేదు. చెమట కారుతోంది, పసుపు కళ్లలోకి దిగి మంట, కింద అరికాలు జారుతోంది. ఎదురుగా బాలవ్వ మొహం. ఆ మొహాన్ని చూస్తూ మొదటిసారి నేనే అడిగాను, తల్లీ ఉంటే రా, ఈమె కోసమైనా రా అని. చాలాసేపు వాయించారు. సాంబ్రాణి పొగకు ఊపిరాడలేదు. అప్పుడు నోట్లో ఇత్తడి రుచి వచ్చింది.

తర్వాత జరిగింది శకుంతల చెప్పగా తెలిసింది. నేను పడ్డాను, కుండ నా కింద పచ్చడైంది. అమ్మ పూనిన మనిషి అరచేతిలో కర్పూరం వెలిగించి హారతి పట్టిస్తారు, నిజంగా పూనినవాళ్లకు కాలదు. నా చేతిలోనూ వెలిగించారు. నా పిడికిలి బిగుసుకుపోయింది. లోపల కర్పూరం మండుతూనే ఉంది, ఎవరి బలానికీ ఆ పిడికిలి తెరుచుకోలేదు.

చెయ్యి కాలినందుకు అమ్మ మీద ఎవరికీ అనుమానం రాలేదు. కుండకు వాడిన మట్టిలో దోషం ఉందన్నారు. ఎవరో అంటుతో వచ్చారన్నారు. కథకు ఎక్కడ చిరుగు పడినా అతుకు వేసే చేతులు గల్లీ నిండా ఉన్నాయి. బాలవ్వ ఒక్కతే ఏమీ అనలేదు. నా అరచేతికి వెన్న రాస్తూ, తోలు ఊడొస్తుంటే కళ్లు మూసుకుంది.

"అగ సత్తీ," అంది శకుంతల. ఆ గల్లీలో నన్ను ఇంకా పేరుతో పిలిచేది ఆమె ఒక్కతే. "ఇది అంగాత్ యేణం కాదు, పూనకం కాదు, అమ్మా కాదు. ఫిట్స్ ఇది. మా వార్డుల రోజు చూస్త నేను. దవాఖానకు నాతోని రా."

నేను బాలవ్వ వైపు చూశాను. ఆమె వెన్న గిన్నె కింద పెట్టింది.

"పో బిడ్డా," అంది. "ఈ సారి నేను అడ్డం రాను."

*ఆ ఏడు శ్రావణం*

పెద్ద సర్కారు దవాఖాన. బయట పొడుగాటి వసారా, గోడ వెంట బెంచీలు, బెంచీలకు సరిపోని జనం. చేతికి కట్టు కట్టించుకోవడానికి ఒకచోట, తల చూపించుకోవడానికి ఇంకోచోట. శకుంతల నన్ను కూర్చోబెట్టి తన డ్యూటీకి వెళ్లింది. పేరు పిలుస్తారేమోనని చెవులు రిక్కించుకుని కూర్చోవడమే అక్కడ పని. మూత్రానికి లేస్తే పేరు పోతుందని భయం.

నా పక్కన కూర్చున్న ఆడమనిషి మా గల్లీకి అవతలి గల్లీలో ఒళ్లమ్ముకుని బతికే మనిషే. పొద్దున పాలకు వెళ్లేటప్పుడు చూసేదాన్ని, పలకరింపులు ఉండేవి కావు. ఆమె తన చాయ్ సగం సాసర్లో పోసి నా ముందుకు తోసింది. తాగుతుండగానే ఇత్తడి రుచి వచ్చింది.

లేచేసరికి ఆమె కొంగు మడిచి నా తల కింద పెట్టి ఉంది. నన్ను ఒక పక్కకు తిప్పి, వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. "హటో, హవా ఆనే దో" అని, గాలి తగలనివ్వమని జనాన్ని కసురుతోంది. పసుపు లేదు, దండాలు లేవు. నా చీర కుచ్చిళ్లు చెదిరితే వాటిని సర్ది కాళ్లు కప్పి ఉంచింది. నా తల్లి చేసినట్టే చేసింది.

నాకు మాట రాగానే నేనేమన్నానని అడిగాను. "మై క్యా బోలీ?"

ఆమె నా మొహంలోకి విచిత్రంగా చూసింది. "కుఛ్ నహీ బోలీ. ఖాలీ గుర్‌గుర్ కియా."

ఏమీ అనలేదు, గుర్రుమన్నానంతే. ఈ రోజు అమ్మ మాట్లాడలేదేమో అనుకున్నాను. దవాఖానలో ఏం మాట్లాడుతుంది లే, మైల చోటు కదా అని కూడా అనుకున్నాను. ఆ అతుకులు వేయడం నాకూ వచ్చేసింది మరి.

తర్వాత పరీక్షలు చాలా జరిగాయి. తలలో ఎక్కడో పాత మచ్చ ఉందని, అది ఉన్నంతకాలం ఇది ఉంటుందని, రోజూ గోలీలు వేసుకుంటే రాదని, చెప్పకుండా ఆపితే ముందుకంటే ఎక్కువ వస్తుందని డాక్టరు నిదానంగా రెండుసార్లు చెప్పాడు. అర్థమైందా అని అడిగాడు. అర్థమైంది.

*గోలీల ఏడాది*

గోలీలతో చిగుళ్లు ఉబ్బాయి. పొద్దున లేస్తే నడుస్తున్న నేల మెత్తగా ఉండేది. పాలు పొయ్యి మీద పెట్టి పెట్టిన సంగతే మర్చిపోయేదాన్ని. కానీ పడటం ఆగిపోయింది. మొదట వారాలు, తర్వాత నెలలు. కాలిన చేతి వేళ్లు సగం ముడుచుకునే ఉండిపోయాయి కాబట్టి బీడీ చుట్టడం పోయింది. ఇంకొకరు చుట్టినవి కట్టలు కట్టేదాన్ని.

మంగళవారం జనం కొన్నాళ్లు వచ్చి, చూసి, వెళ్లారు. ఆ తర్వాత రావడం మానేశారు. గ్యాలరీలో నేను ఎదురొస్తే పక్కకు తప్పుకునే ఆడవాళ్లు మళ్లీ నల్లా దగ్గర నా బిందె వెనక్కి జరపడం మొదలుపెట్టారు. నాకు నవ్వొచ్చింది, కొంచెం బాధా కలిగింది. అబద్ధమెందుకు, దేవతగా ఉన్నన్నాళ్లూ నీళ్లు ముందు దొరికేవి.

ఒక సాయంత్రం నర్సింలు గ్యాలరీలోంచి చాప చుట్టుకుని లోపలికి వచ్చాడు. "ఏమే, కొంచెం జరుగు" అన్నాడు. ఆ "ఏమే" విని నేను చీకట్లో ఏడ్చాను. ఆ వానాకాలం పోయేసరికి నాకు నెల తప్పింది.

బాలవ్వ మాత్రం తగ్గిపోతూ వచ్చింది. గోలీలు మింగావా అని రోజూ ఆమే గుర్తు చేసేది, నీళ్లు ఆమే అందించేది. కానీ ప్రతి మంగళవారం మునుపటిలాగే అలికి, సాంబ్రాణి వేసి, నా ఎదురుగా కూర్చుని నా మొహం చూస్తూ ఉండేది. పొద్దు వాలాక మెల్లగా లేచి సాంబ్రాణి గిన్నె కడిగేది. అన్నం రెండు ముద్దలకు దిగింది. మల్లేశు గజ్జెల మాట ఎత్తడం మానేసింది. మళ్లీ గోడకు చెప్పడం మొదలుపెట్టింది.

నాకు కడుపు వచ్చిందని చెప్తే నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చేతిలో బరువు లేదు.

"సంబురమేనా అత్తా?"

"అమ్మ ఒక్కపారి వచ్చి చెప్తే బాగుండు," అంది. "పోరడు మంచిగున్నడా లేడా అని. ఒక్కపారే."

*ఎనభై ఆరు*

మనిషి ఎదురుగా ఎండిపోతుంటే చూస్తూ ఉండటం కష్టం. అందులోనూ ఆమెను నిలబెట్టే మాట నా ఒంట్లోనే ఉందని నేను నమ్ముతున్నాను, దాన్ని రానివ్వకుండా రోజూ గోలీ మింగుతున్నాను. నాకు వినపడకపోతే పోనీ, ఆమె వింటుంది కదా. ఒక్క మంగళవారం చాలు, ఆమె ఒక్కసారి విని కడుపునిండా తింటుంది, మర్నాటి నుంచి మళ్లీ వేసుకుంటాను అనుకున్నాను. గోలీలను నోట్లో పెట్టుకుని, ఆమె అటు తిరగగానే తీసి తంబాకు డబ్బాలో వేశాను.

మంగళవారం దాకా ఆగలేదు అది. బీడీ కట్టలు అప్పజెప్పి ఖాళీ సంచితో పైకి వస్తున్నాను. రెండో అంతస్తు మెట్ల మీద ఇత్తడి రుచి వచ్చింది. కమ్మీ పట్టుకోబోయాను, వేళ్లు ముడుచుకుని ఉన్నాయి కాబట్టి పట్టు చిక్కలేదు.

దవాఖానలో కళ్లు తెరిస్తే పక్కన శకుంతల ఉంది. నా చెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకుని, కిటికీ వైపు చూస్తోంది. నా కడుపు మీద నేనే చెయ్యి వేసి చూసుకున్నాను.

కింది అంతస్తు పిల్ల తల్లికి చెప్పాల్సింది ఇక్కడే ఉంది కాబట్టి ఒక్క నిమిషం ఆగుతాను. పిల్ల పడితే పక్కకు తిప్పు. నోట్లో ఆకు, నిమ్మకాయ, చెంచా ఏదీ పెట్టకు. చేతిలో కర్పూరం పెట్టకు. శకుంతల ఉన్నది కదా, ఆమెతో దవాఖానకు పంపు. గోలీలు ఇస్తే ఎవరి కోసమూ ఆపకు, నీ కోసం కూడా ఆపకు. ఇంతకంటే నాకు తెలిసింది లేదు. నీ పిల్ల లేచాక ఆమె నోటి నుంచి ఏ మాట వచ్చిందని ఎవరైనా చెప్తే, చెప్పినవాళ్ల మొహం చూడు.

దవాఖాన నుంచి వచ్చాక నన్ను ఒక గోడ పక్కన పడుకోబెట్టారు. అవతలి గోడ పక్కన బాలవ్వ ఉంది, అప్పటికి ఆమె లేవడం మానేసింది. నర్సింలు పనికి పోయాడు. మధ్యాహ్నం ఎండ గుమ్మం దాకా వచ్చి ఆగింది. దవాఖాన బెంచీ మీది ఆడమనిషి "కుఛ్ నహీ బోలీ" అన్న మాట మనసులో తిరుగుతూనే ఉంది. నర్సింలును ఒకసారి అడిగితే, అమ్మ చెప్పింది అన్నాడు. శకుంతలను అడిగితే, నీ అత్తే చెప్పింది అంది. గల్లీలో ఎవరిని అడిగినా బాలవ్వ దగ్గరికే వచ్చి ఆగుతోంది.

"అత్తా."

"ఊఁ."

"మొదటిసారి నల్లా కాడ పడ్డప్పుడు అమ్మ ఏమన్నది? నోటి కాడ చెవి పెట్టి ఇన్న అంటివి గద."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమనలే," అంది.

నేను తల ఎత్తి ఆమెను చూశాను.

"నురుగు వచ్చింది. గుర్రుగుర్రుమన్నవ్. అంతే బిడ్డా. నువ్వు తింటలేవ్, ఎముకలు తేలినయ్. నేను చెప్తె ఇంటవా? పోరన్ని దవాఖానకు పోనియ్యంది నేనేనాయె. నీ నోట్లకెల్లి వచ్చిందంటె నువ్వన్న నమ్మి రెండు ముద్దలు తింటవనుకున్న."

"తిన్న," అన్నాను.

"తిన్నవ్. నాకు యాదుంది."

"మరి నువ్వు? నువ్వు నమ్మలేదా?"

"నమ్మితి. చెప్పంగ చెప్పంగ నేను గుడ నమ్మితి. పోరని గజ్జెలు గుడ ఇనబడుతుండె. గోలీలతోని నువ్వు పడుడు ఆగినంక, ఇంక చెప్పెటోళ్లు లేకపాయె. ఉత్తగ కూసుంటుంటె యాదికొచ్చింది, నేనే గద చెప్పింది అని."

మల్లేశు పోయాడు అన్న మాట నాకు అప్పుడు, ఆ మధ్యాహ్నం, తెలిసింది. అంతకుముందు పోయింది వాడి ఒళ్లు మాత్రమే. ఆ నాలుగేళ్లూ వాడు ఎవరి ఒళ్లోనూ లేడు. వాడి కోసం నేను ఎవరినీ ఏమీ అడగడానికి లేదు, తిట్టడానికి లేదు. ఒళ్లో లేని వాడి కబురు కోసం మెట్ల మీద ఇంకొకరిని పోగొట్టుకున్నాను. గోలీలు ఆపిన సంగతి ఆమెకు చెప్పలేదు. కాలు జారిందనే ఆమెకు తెలుసు, ఇప్పటికీ నర్సింలుకు కూడా అదే తెలుసు. నా నోటి నుంచి రాని మాటలు ఆ ఇంట్లో చాలానే ఉన్నాయి, అది కూడా వాటిలో కలిసింది.

ఎండ గుమ్మం దగ్గర నుంచి వెనక్కి మళ్లింది. బాలవ్వ మెల్లగా నా వైపు ఒత్తిగిల్లింది.

"సత్తీ. గా మాట నువ్వు చెప్పు ఒక్కపారి."

"ఏ మాట?"

"గదే. అమ్మ చెప్పినట్టు చెప్పు."

"నువ్వు కల్పించిందే కదత్తా."

"అయితేంది? చెప్పు." నా కడుపు వైపు చూసి, "ఇద్దరున్నరని చెప్పు" అంది.

నాకు పూనకం రాదు, వేషం కట్టడం చేతకాదు. గొంతు మార్చలేదు, జుట్టు విరబోసుకోలేదు. పడుకున్న దాన్ని పడుకున్నట్టే ఉండి, ఆమె వైపు మొహం తిప్పి చెప్పాను.

"ఇద్దరున్నరు. నా ఒళ్లె ఆడుకుంటున్నరు. ఏడ్వకు."

ఆమె కళ్లు మూసుకుని విన్నది. ఆ సాయంత్రం శకుంతల గంజి తెచ్చిస్తే గిన్నె సగం దాకా తాగింది. నేను గోలీ మింగి, చప్పుడు చేయకుండా పడుకున్నాను. అందరూ విని నేనొక్కదాన్నీ వినని ఆ మాట, నా చెవుల్లో పడటం అదే మొదటిసారి. అది అచ్చం నా గొంతులాగే ఉంది.